స్పోర్ట్స్ కారుకు కొత్త రిమ్ములు, టైర్లు: హైదరాబాద్ రోడ్లకు తగిన సైజు ఎంచుకునే పద్ధతి

అల్లాయ్‌ల షాపులో అడుగుపెట్టగానే ముందుగా వినిపించే మాట "ఎన్ని ఇంచులవి చూపించమంటారు సార్?" అని. గోడకు వేలాడుతున్న పద్దెనిమిదులు, పంతొమ్మిదులు చూశాక మన నోటి నుంచి కూడా ఇంచుల మాటే వస్తుంది. సైజు ఎంపిక దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. కారు రోడ్డును పట్టుకునేది టైరుతో. ఆ టైరును సరైన చోట, సరైన ఆకారంలో నిలబెట్టడమే రిమ్ము పని. అందుకే ముందు టైరు మొత్తం ఎత్తు, తర్వాత దాని సైడ్‌వాల్ (టైరు పక్క గోడ), ఆ తర్వాత వెడల్పు తేల్చుకుని, రిమ్ము ఇంచులు చిట్టచివర చూసుకోవాలి. ఈ వరుస ఎక్కడైనా మంచిదే. కానీ గట్టి వాన పడితే తారు లేచిపోయే వీధులూ, గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డూ ఒకే ఊళ్లో ఉన్న హైదరాబాద్‌లో ఇది తప్పనిసరి.

వర్టస్ జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటి హుషారైన బండ్ల నుంచి బీఎండబ్ల్యూ ఎం340ఐ, మస్టాంగ్, పోర్షే 718 దాకా లెక్కలు ఇవే. తేడా వచ్చేది ఖర్చులోనే.

1. బండి అసలు కొలతలు రాసుకోండి

డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపల ఉంటుంది. కంపెనీ ఇచ్చిన టైరు సైజు, గాలి ఒత్తిడి దాని మీద రాసి ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కారైతే ఇప్పుడు బండికి ఉన్న టైర్లను నమ్మకండి, స్టిక్కర్నే నమ్మండి. పాత ఓనరు ఏం మార్చాడో మనకు తెలియదు.

వర్టస్ జీటీనే తీసుకుంటే సైజు 205/55 ఆర్16. 205 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 55 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం. 16 అంటే రిమ్ము వ్యాసం ఇంచుల్లో. దీని పక్కనే 91వి లాంటి గుర్తు ఉంటుంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇక ఒక చక్రం విప్పించి రిమ్ము వెనక వైపు చూడండి. 7జె×17, ఈటీ 45 అన్నట్టుగా అచ్చు వేసి ఉంటుంది. 7జె అంటే రిమ్ము వెడల్పు 7 ఇంచులని. ఈటీ అంటే ఆఫ్‌సెట్, దాని సంగతీ తర్వాత చూద్దాం. విప్పినప్పుడే బోల్టుల ఫొటో కూడా తీసి పెట్టుకోండి. షాపుకు వెళ్లేటప్పుడు ఈ అంకెలన్నీ ఫోన్లో ఉండాలి. అవి లేకుండా వెళ్తే వాళ్ల దగ్గర స్టాకులో ఉన్నదే మీ సైజు అవుతుంది.

మీ మోడల్‌కే కంపెనీ వేరే వేరియంట్లలో ఏ సైజులు ఇచ్చిందో మాన్యువల్‌లో చూడండి. ఆ జాబితాలో మీకు నచ్చినది ఉంటే సగం పని అయిపోయినట్టే. ఇంజినీర్లు ఇప్పటికే పరీక్షించిన సైజు అది.

2. టైరు మొత్తం ఎత్తును కదిలించకండి

స్పీడోమీటరు, ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్, గేర్ల నిష్పత్తి, అన్నీ టైరు ఒక్కసారి తిరిగితే బండి ఎంత దూరం పోతుందన్న లెక్క మీద ఆధారపడినవే. అందుకే రిమ్ము పెరిగిన కొద్దీ సైడ్‌వాల్ తగ్గి, మొత్తం వ్యాసం దాదాపు అలాగే ఉండాలి.

లెక్క ఎలాగో చూద్దాం. 205/55 ఆర్16 సైడ్‌వాల్: 205లో 55 శాతం అంటే 112.75 మి.మీ. పైనా కిందా కలిపి 225.5. రిమ్ము 16 ఇంచులు, ఇంచుకు 25.4 చొప్పున 406.4. మొత్తం 631.9 మి.మీ. ఇప్పుడు దీనికి ప్రత్యామ్నాయాలు:

- 205/50 ఆర్17: 636.8 మి.మీ., 0.8 శాతం ఎక్కువ
- 225/45 ఆర్17: 634.3 మి.మీ., 0.4 శాతం ఎక్కువ
- 215/50 ఆర్17: 646.8 మి.మీ., 2.4 శాతం ఎక్కువ
- 225/40 ఆర్18: 637.2 మి.మీ., 0.8 శాతం ఎక్కువ

మూడు శాతం దాకా ఫర్వాలేదని షాపుల్లో చెబుతారు. ఒకటిన్నర శాతం దాటకపోవడమే మేలని నా అభిప్రాయం. కొత్త టైరు మూడు శాతం పెద్దదైతే, ముందు ఔటర్ మీద ముల్లు 120 చూపించినప్పుడు బండి నిజంగా ఎంత వేగంతో పోయేదో, ఇప్పుడు అదే ముల్లు దగ్గర అంతకంటే మూడు శాతం ఎక్కువ వేగంతో పోతుంది. కంపెనీలు స్పీడోమీటరును కాస్త ఎక్కువ చూపించేలా పెట్టేది భద్రత కోసం. ఆ కాస్త మిగులునూ మనం చేతులారా మింగేసినట్టవుతుంది. పైగా పెద్ద టైరు గేరింగును పొడుగు చేసి పికప్‌ను కొంచెం తగ్గిస్తుంది. స్పోర్ట్స్ కారులో అలాంటిది ఎవరూ కోరుకోరు.

ఎక్స్‌డ్రైవ్, క్వాట్రో లాంటి ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే) బండ్లకు ఈ నియమం మరింత కఠినం. ముందు, వెనక టైర్ల వ్యాసాల మధ్య తేడా కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. ఎం340ఐ 19 ఇంచుల జత చూడండి: ముందు 225/40 ఆర్19 అంటే 662.6 మి.మీ., వెనక 255/35 ఆర్19 అంటే 661.1 మి.మీ. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లే. దీన్ని పాడుచేస్తే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ నిరంతరం రాపిడికి గురవుతుంది. ఇలాంటి బండ్లలో రెండు టైర్లు బాగా అరిగి రెండు కొత్తవి వేసినా ఇదే సమస్య. వీలైతే నాలుగూ ఒకేసారి మార్చండి.

3. సైడ్‌వాల్: ఈ ఊళ్లో కాపాడుకోవాల్సిన కొలత

గుంతలో పడినప్పుడు ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. గుంత అవతలి అంచు టైరును లోపలికి నొక్కుతుంది. సైడ్‌వాల్ ఎత్తుగా ఉంటే ఆ దెబ్బను గాలి మింగుతుంది. పొట్టిగా ఉంటే రబ్బరు పూర్తిగా మడతపడి, రోడ్డు అంచుకూ రిమ్ము పెదవికీ మధ్య నలుగుతుంది. అప్పుడు లోపలి దారాలు తెగుతాయి. బయటికి మాత్రం ఒకటి రెండు రోజుల తర్వాత కోడిగుడ్డంత బొబ్బ కనిపిస్తుంది. దానికి రిపేరు లేదు, టైరు పారేయాల్సిందే. దెబ్బ ఇంకాస్త గట్టిగా తగిలితే రిమ్ము లోపలి పెదవి వంగుతుంది, లేదా పగులుతుంది. వానాకాలంలో గుంత నీళ్లతో నిండి ఉంటుంది కాబట్టి దాని లోతు చూసి తప్పించుకునే అవకాశం కూడా ఉండదు.

అందుకే రోజూ ఊళ్లో తిరిగే బండికి సైడ్‌వాల్ 90 మి.మీ. కంటే తగ్గనివ్వకండి. 100 ఉంటే ఇంకా నిశ్చింత. పై జాబితాలో 225/45 ఆర్17 సైడ్‌వాల్ 101 మి.మీ. 225/40 ఆర్18ది సరిగ్గా 90, అంటే అంచు మీద ఉన్నట్టే. 235/35 ఆర్19 అయితే 82. ఇది ఫొటోల్లో బాగుంటుంది, కాలనీ రోడ్లలో బాగుండదు. పదహారు నుంచి పదిహేడుకు వెళ్తే చాలని నేను చెప్పేది ఇందుకే. ఒక్క ఇంచు పెంపుతో స్టీరింగ్‌లో చురుకు స్పష్టంగా తెలుస్తుంది. రెండో ఇంచుతో అదనంగా వచ్చేది చూపు, దాంతో పాటు కుదుపు.

ఇంచులు పెరిగితేనే రేసు బండి అవుతుందన్న నమ్మకం బలంగా ఉంది. ఫార్ములా వన్ కార్లు 2021 సీజన్ దాకా 13 ఇంచుల రిమ్ముల మీదే పరుగెత్తాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన మన కళ్ల ముందు పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లవి 18 ఇంచులు. రెండూ వేగంగానే పోయాయి. రిమ్ము వ్యాసాన్ని నిర్ణయించేది బ్రేకుల సైజు, రేసు నిబంధనలు, రోడ్డు. వేగం ఇంచుల్లో ఉండదు.

ఇంచులు తగ్గించడం కూడా అప్‌గ్రేడే. పంతొమ్మిదులతో వచ్చిన ఎం340ఐకి ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18 వేస్తే వ్యాసాలు 659.7, 661.2 మి.మీ. వస్తాయి, దాదాపు అవే. సైడ్‌వాల్ మాత్రం 90 నుంచి 101కి పెరుగుతుంది. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ఆ తేడా నడుముకు తెలుస్తుంది. బ్రేక్ క్యాలిపర్‌కు (డిస్కును నొక్కి పట్టే భాగానికి) తగలని డిజైన్ ఎంచుకోవాలంతే.

4. టైరు వెడల్పు, దానికి తగ్గ రిమ్ము వెడల్పు

వెడల్పు టైరు పొడి రోడ్డు మీద పట్టు పెంచుతుంది. నీళ్ల మీద మాత్రం త్వరగా తేలిపోతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా చేతిలో తేలికైపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలుండే ఊళ్లో ఒకేసారి 20 మి.మీ. మించి పెంచకపోవడం మంచిది. 205 ఉంటే 225 చాలు.

ప్రతి టైరుకూ తయారీదారు ఒక రిమ్ము వెడల్పు శ్రేణి ఇస్తాడు. 205/55 ఆర్16కి 5.5 నుంచి 7.5 ఇంచులు. 225/45 ఆర్17కి 7 నుంచి 8.5. 225/40 ఆర్18కి 7.5 నుంచి 9. శ్రేణి మధ్యలో ఉండండి. సన్న టైరును వెడల్పు రిమ్ము మీద సాగదీసి బిగించే ఫ్యాషన్ ఒకటుంది. అలా చేస్తే రిమ్ము పెదవి టైరు కంటే బయటికి వస్తుంది, మొదటి గుంత దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. గాలి కాస్త తగ్గితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం కూడా ఉంది. ఇది ఏ రకంగానూ మన రోడ్లకు పనికిరాదు.

వెనక వెడల్పు, ముందు సన్నం అనే పద్ధతి వెనక చక్రాలు తోసే బండ్లకు, అదీ కంపెనీ అలా ఇస్తేనే. పోలో, వర్టస్, ఐ20 లాంటి ముందు చక్రాల బండ్లకు నాలుగూ ఒకటే సైజు వేయండి. టైర్లను ముందుకీ వెనక్కీ మార్చుకుంటూ సమంగా అరిగించుకోవచ్చు.

5. ఆఫ్‌సెట్: తగిలేదీ తగలనిదీ తేల్చే అంకె

రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్య గీత గీస్తే, హబ్బుకు (బండి వైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం ఆ గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో అదే ఈటీ. ఈటీ పెరిగితే చక్రం లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి వస్తుంది. వెడల్పు కూడా మారితే రెండూ కలిపి లెక్కించాలి.

ఉదాహరణకు మీ పాత రిమ్ము 7జె ఈటీ 45, కొత్తది 8జె ఈటీ 40 అనుకుందాం. సగం వెడల్పు 88.9 నుంచి 101.6 మి.మీ. అయింది, అంటే రెండు వైపులా 12.7 పెరిగింది. ఈటీ 5 తగ్గింది కాబట్టి బయటి అంచు 12.7 + 5 = 17.7 మి.మీ. బయటికి వస్తుంది. లోపలి అంచు 12.7 − 5 = 7.7 మి.మీ. స్ట్రట్ (సస్పెన్షన్ స్తంభం) వైపు జరుగుతుంది. షాపులో "అన్నా, ఐదే కదా, పట్టేస్తది" అంటారు. పట్టేది ఐదు కాదు, దాదాపు పద్దెనిమిది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. మంచి షాపువాళ్లయితే వెంటనే ఒప్పుకుంటారు.

ఈ రెండు అంకెలను బండి దగ్గర కొలిచి సరిచూడాలి. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ఫెండర్ అంచు నుంచి తాడుకు బరువు కట్టి కిందికి వదలండి. తాడుకూ పాత టైరు ముఖానికీ మధ్య ఉన్న ఖాళీయే బయటి వైపు మీ బడ్జెట్. లోపల స్ట్రట్‌కూ టైరుకూ మధ్య వేలు పోతుందో లేదో చూడండి. చక్రం జరిగాక అక్కడ కనీసం 5 మి.మీ. మిగలాలి.

బయటి అంచు 10, 12 మి.మీ. కంటే ఎక్కువ జరగని రిమ్ము వెతకమని నా సలహా. అంతకు మించితే స్టీరింగ్ రోడ్డు గాడిని పట్టుకుని అటూ ఇటూ లాగుతుంది, హబ్ బేరింగు మీద భారం పెరుగుతుంది, వానలో తలుపుల నిండా బురద చిమ్ముతుంది. తప్పు ఈటీ ఉన్న రిమ్ము కొని స్పేసర్లతో (హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లలతో) సర్దడం కంటే సరైన ఈటీ కోసం రెండు వారాలు ఆగడం నయం.

6. పీసీడీ, సెంటర్ బోర్, బోల్టు సీటు

ప్రమాదాలు పుట్టేది ఇక్కడే. పైకి అన్నీ బిగిసినట్టే ఉంటాయి కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

పీసీడీ అంటే బోల్టు రంధ్రాల కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం. పోలో, వర్టస్ 5×100. ఆక్టేవియా, ఆడి, మెర్సిడెస్, కొత్త తరం బీఎండబ్ల్యూలు 5×112. పాత బీఎండబ్ల్యూలు ఎక్కువగా 5×120. మస్టాంగ్ 5×114.3. పోర్షే 5×130. ఐ20, స్విఫ్ట్ 4×100. వీటిలో 112, 114.3 జంట ప్రమాదకరం. పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరం ఒకదానికి 65.8 మి.మీ., రెండోదానికి 67.2. తేడా 1.4 మిల్లీమీటర్లు, కంటికి తెలియదు. బలవంతంగా బిగిస్తే బోల్టులు వంకరగా పడతాయి, హైవే మీద ఒక్కొక్కటే వదులవుతాయి. రిమ్ము వెనక అచ్చు వేసిన అంకెను మీరే చదవండి. రంధ్రాలను పొడిగించి, లేదా కదిలే వాషరున్న బోల్టులు వేసి సర్దుతామంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి.

సెంటర్ బోర్ అంటే రిమ్ము మధ్య రంధ్రం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు 57.1 మి.మీ., కొత్త బీఎండబ్ల్యూ, మెర్సిడెస్‌లకు 66.6, పోర్షేకు 71.6. బయట దొరికే రిమ్ములకు చాలావరకు 73.1 ఉంటుంది, అన్ని కార్లకూ సరిపోవాలని. ఆ ఖాళీని హబ్ రింగులతో నింపాలి. వర్టస్‌కైతే 73.1 నుంచి 57.1కి తగ్గించే రింగు. ఇది లేకపోతే చక్రం కేంద్రం తప్పి కూర్చుంటుంది, బ్యాలెన్సింగ్ ఎంత బాగా చేసినా 80, 100 మధ్య స్టీరింగ్ వణుకుతుంది. గట్టిగా బ్రేకులు వాడేవాళ్లు ప్లాస్టిక్ కాకుండా అల్యూమినియం రింగులు తీసుకోవాలి.

మూడోది బోల్టు సీటు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్ల బోల్టు మెడ గుండ్రంగా, బంతిలా ఉంటుంది. బయటి రిమ్ములకు ఎక్కువగా 60 డిగ్రీల కోన్ సీటు ఉంటుంది. పాత బోల్టునే కొత్త రిమ్ములో పెట్టి టార్చ్ వేసి చూడండి: మెడ మొత్తం ఆనకుండా ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. వేళ్లతో అటూ ఇటూ కదిపితే కొద్దిగా దొర్లుతుంది కూడా. పానాతో బిగిస్తే గట్టిగానే అనిపిస్తుంది, కానీ పట్టు ఆ గీతంతే. రిమ్ముతో పాటే దాని సీటుకు సరిపడే కొత్త బోల్టులు కొనాలి. పొడవు కూడా చూడండి. బోల్టు మందమంత లోతైనా హబ్బులోని మరలోకి దిగాలి. ఎం14×1.5 బోల్టయితే చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి, కనీసం తొమ్మిది పూర్తి చుట్లు పైగా తిరగాలి. మరీ పొడవైతే లోపల ఏదో ఒకదానికి తగులుతుంది, అదీ చూసుకోవాలి.

7. లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్

91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. 92కి 630, 94కి 670, 95కి 690. అక్షరాల్లో హెచ్ గంటకు 210, వి 240, డబ్ల్యూ 270, వై 300 కిలోమీటర్లు. స్టిక్కర్ మీద ఉన్నదానికి తక్కువ వేయకూడదు, అంతే.

ఇందులో ఒక చిక్కుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 225/40 ఆర్18 లాంటి సైజులు తరచూ 92 ఎక్స్‌ఎల్‌గా (ఎక్స్‌ట్రా లోడ్, అంటే ఎక్కువ గాలితో ఎక్కువ బరువు మోసే రకంగా) వస్తాయి. మామూలు టైరు తన పూర్తి బరువును 36 పీఎస్‌ఐ దగ్గర మోస్తే, ఎక్స్‌ఎల్ టైరు 42 దగ్గర మోస్తుంది. అంటే పాత 91కి పెట్టిన గాలే పెడితే ఈ 92 తక్కువ మోస్తుంది. పాత ఒత్తిడి కంటే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టాలి. పెట్టకపోతే సైడ్‌వాల్ బొబ్బలు వెతుక్కుంటూ వస్తాయి.

8. రిమ్ము నాణ్యత, బరువు

రిమ్ము, టైరు, బ్రేకు బరువంతా స్ప్రింగు కింద ఉంటుంది. అక్కడ ఒక్క కిలో పెరిగినా సస్పెన్షన్‌కు కష్టమే. అది తిరిగే బరువు కూడా కాబట్టి పికప్, బ్రేకింగ్ రెండూ మందగిస్తాయి. షాపుకు వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే చిన్న తక్కెడ పట్టుకెళ్లండి. రిమ్మును దానికి తగిలించి ఎత్తితే నిజం తెలిసిపోతుంది. టైరుతో కలిపి పాత చక్రం కంటే ఒక కిలో మించి పెరిగితే వేరేది చూడండి.

మామూలు అచ్చుపోత రిమ్ములు చవక, బరువు ఎక్కువ. ఫ్లో ఫార్మ్డ్ రకంలో బ్యారెల్‌ను (టైరు కూర్చునే గుండ్రటి గోడను) వేడి మీద రోలర్లతో సాగదీస్తారు, అందుకని సన్నగా ఉన్నా గట్టిగా ఉంటుంది. హైదరాబాద్‌లో రోజూ తిరిగే బండికి డబ్బుకు తగ్గ విలువ ఇదే. ఫోర్జ్డ్ అన్నిటికంటే తేలిక, గట్టిది. ధర కూడా అలాగే ఉంటుంది.

వెనక వైపు జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు చూడండి. జేడబ్ల్యూఎల్ జపాన్ ప్రమాణం, వీఐఏ అంటే బయటి సంస్థ పరీక్షించి నమోదు చేసిందని. ఎంత బరువు మోయగలదో కూడా అక్కడే ఉండాలి. పేరున్న బ్రాండ్ల డిజైన్లకు నకళ్లు విరివిగా దొరుకుతాయి. అచ్చు అదే ఆకారం ఉన్నంత మాత్రాన లోపలి లోహం అదే కాదు. ఏ గుర్తూ లేని రిమ్మును 120 వేగంలో నమ్మలేం.

రాణిగంజ్ వైపు సెకండ్ హ్యాండ్‌వి చూస్తుంటే టైరు విప్పించి బ్యారెల్ లోపలి గోడను వెలుతురులో చూడండి. వెల్డింగ్ చేసి పెయింటు కొట్టిన చోట మెరుపు వేరుగా ఉంటుంది, వేలితో తడిమితే చిన్న గట్టు తగులుతుంది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఒట్టి రిమ్మునే తిప్పించి పెదవి ఊగుతోందేమో గమనించండి. పగులుకు వెల్డింగ్ చేసిన రిమ్ము ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

9. టైరు ఎంచుకోవడం

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు, మంచు మాటే లేదు. కాబట్టి మంచి సమ్మర్ టైరే మనకు ఏడాది పొడవునా టైరు. ట్రాక్ కోసం చేసిన, గాడులు తక్కువగా ఉండే సెమీ స్లిక్‌లు వానలో ప్రాణాంతకం. వారాంతపు ట్రాక్ సెట్‌గా విడిగా ఉంచుకుంటే తప్ప వాటి జోలికి పోకండి. సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. ఒకే ధరలో రెండు టైర్లు ఉంటే, రిమ్ము పెదవిని కప్పే రబ్బరు అంచు ఉన్నదాన్ని తీసుకోండి.

రన్‌ఫ్లాట్ల (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్ల) నుంచి మామూలు టైర్లకు మారితే ప్రయాణం మెత్తబడుతుంది, కానీ డిక్కీలో స్టెప్నీ ఉండదు. పంక్చర్ కిట్, గాలి పంపు తప్పకుండా పెట్టుకోండి. అర్ధరాత్రి ఔటర్ మీద టెన్షన్ తప్పుతుంది.

10. చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. కంపెనీ మీ మోడల్‌కు ఇచ్చిన సైజులను చూసుకోమని మొదట్లో చెప్పడానికి ఇదొక కారణం. ఫెండర్ దాటి బయటికి వచ్చిన చక్రాలు ట్రాఫిక్ పోలీసుల కంట్లో ముందుగా పడతాయి. రిమ్ములు మార్చాక బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, పాలసీలో నమోదు చేయించుకోండి. చెప్పకుండా ఉంటే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది. వారంటీలో ఉన్న బండయితే సర్వీస్ సెంటర్‌ను ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

11. బిగించే రోజు

టైరు ఎక్కించక ముందే ఒట్టి రిమ్మును హబ్బు మీద పెట్టి చూడమనండి. టైరు ఎక్కాక వాపసు తీసుకోరు. ముందు, వెనక రెండింటి మీదా పెట్టాలి. రిమ్మును చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. క్యాలిపర్‌కూ స్పోకుల వెనక భాగానికీ, బ్యారెల్‌కూ మధ్య కనీసం మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. బ్యాలెన్సింగ్ కోసం లోపల అతికించే సీసం ముక్కలు ఎక్కడ వస్తాయో కూడా ఊహించుకోండి, క్యాలిపర్‌కు తగిలేవి తరచూ అవే.

హబ్బు ముఖం మీద తుప్పును తీగ బ్రష్‌తో తుడిపించండి. బోల్టులను చేత్తో మొదలుపెట్టి, నక్షత్రం వరుసలో, చివర టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి. పోలో, వర్టస్ లాంటి ఫోక్స్‌వ్యాగన్ కార్లకు ఇది 120 న్యూటన్ మీటర్లు, ఎం14 బోల్టులున్న బీఎండబ్ల్యూలకు 140. మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. గాలి తుపాకీతో టకటకా బిగించి పంపేస్తామంటే ఒప్పుకోకండి. టార్క్ రెంచ్ లేని షాపు ఈ పనికి తగిన షాపు కాదు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్, టైర్ ప్రెజర్ సెన్సర్ల రీసెట్.

12. రోడ్డు మీద పరీక్ష

నలుగురు పెద్దవాళ్లను ఎక్కించుకుని అపార్ట్‌మెంట్ సెల్లారు ర్యాంప్ దిగి, ఎక్కండి. ర్యాంప్ మలుపులో స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి ఉంచి, తర్వాత రెండో వైపు. కిటికీలు దించి, పాటలు ఆపి వినండి. స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, నెమ్మదిగా దాటి చూడండి, అప్పుడు ఒక్కో మూల పూర్తిగా నొక్కుకుంటుంది. గరగరమని ఏ చప్పుడు వచ్చినా దిగి ఫోన్ లైటుతో ఫెండర్ లోపలి ప్లాస్టిక్ చూడండి. నున్నగా మెరిసే గీత ఉంటే టైరు అక్కడ రాసుకుంటోంది. ఆ గీత ఉన్న బండిని హైవే ఎక్కించకండి, ముందు దాన్ని సరిచేయించండి.

చప్పుడేమీ లేకపోతే ఔటర్ సర్వీస్ రోడ్డు మీద మొదలుపెట్టి, తర్వాత మెయిన్ రోడ్డెక్కి 80, 100 వేగాల దగ్గర స్టీరింగ్ వణుకు చూడండి. వణుకుంటే మొదట అనుమానించాల్సింది హబ్ రింగులను, ఆ తర్వాతే బ్యాలెన్సింగ్‌ను. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు చల్లబడ్డాయో లేదో చూసుకుని అదే టార్క్‌తో బోల్టులు మళ్లీ పరీక్షించాలి. గాలి ఉదయం పూట, బండి కదలక ముందు చూడండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి మే నెల మధ్యాహ్నం బంకులో చూపించే అంకె నిజం కాదు. మొదటి నెల దాటాక నాలుగు టైర్ల లోపలి భుజాలను ఒకసారి తడిమి చూడండి. ఒక వైపు గరుకుగా, ఇంకో వైపు నున్నగా ఉంటే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పిందని అర్థం, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.